సత్రధర్మము — గోదావరీతీరమున మూడుదినములు



సత్రమను పదము మిక్కిలి ప్రాచీనమైనది. వేదకాలమున సత్రమనగా అనేకదినములు సాగెడి సోమయాగము. తక్కిన యజ్ఞములందు యజమాను డొకడు, ఋత్విజులు వేఱు. దక్షిణ నిచ్చువా డొకడు, పుచ్చుకొనువారు మఱికొందఱు. సత్రమం దట్లు కాదు. అందు ఋత్విజు లందఱును యజమానులే. దక్షిణ లేదు, ఫలము నందఱును సమముగా బంచుకొందురు. బాటసారికి అన్నమును నీడయు నొసగు గృహమునకు మన పూర్వులు ఈ పేరే పెట్టుట ఆలోచింపదగిన విషయము.

గత శీతకాలమున మేము నలుగురము గోదావరి దక్షిణతీరమున నొక పాత కులసత్రమున మూడురాత్రులు బసచేసితిమి. పెంకుటిల్లు, నడుమ చావడి, చుట్టును గదులు, పెరటిలో చేదబావి, వీధివైపున ఎత్తైన అరుగులు. గుమాస్తా లెక్కపుస్తకము తెఱచి మా పేళ్లును, ఊరును, పిదప కులమును అడిగి వ్రాసికొని తాళపుచెవి యిచ్చెను. మా వెనుక నొక వృద్ధదంపతులు నిలిచియుండిరి. వారి కుమారుడు గోదావరిఖనిలో గనికార్మికుడట. నదీస్నానమునకు వచ్చి, చీకటిపడుటచే నిలిచిపోయిరి. వారికిని అదే ప్రశ్న వచ్చినది. సమాధానము వేఱగుటచే గది దొరకలేదు. గదులు మాత్రము నాలుగు ఖాళీగానే యుండెను. ఆ రాత్రి వారు వీధియరుగుమీద బండుకొనిరి. మేము చూచియు మాటాడమైతిమి. ఆ మౌనమునకు సిగ్గుపడియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మఱునాడు రామగిరి దుర్గమునకు బోయితిమి. వేదపండితులకు బ్రసిద్ధిగాంచిన మంథనికిని గనులకును నడుమనున్న ఆ కొండపై రాతిబురుజులును, శిథిలద్వారములును, నీటిగుండములును నేటికిని గలవు. మూలికలకై వైద్యులు ఆ కొండ నెక్కుట యిప్పటికిని మానలేదు. ఈ సీమకు సబ్బినాడని పూర్వనామము. పదునైదవ శతాబ్దమున రామగిరి రాజధానిగా ముప్పభూపాలుడు దీని నేలెను. ఆయన మంత్రియగు కందనామాత్యునకే మడికి సింగన తన పద్మపురాణోత్తరఖండమును అంకిత మిచ్చెను. ఒకప్పుడు కవులను బిలిచి యాదరించిన కొండ యది.

నేడు ఆ కొండచెంతనే సింగరేణివారి సెంటినరీ కాలనీయు, బొగ్గుకై తెఱచిన గనులును, తవ్విపోసిన మట్టిదిబ్బలును కానవచ్చును. 1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రజ్ఞుడగు కింగుదొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనిపెట్టెను. 1886లో ఇంగ్లండున హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను. 1889లో బొగ్గు వెలికివచ్చెను. 1920లో ఆ సంస్థకు సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. 1929లో కాజీపేట–బల్హర్షా రైలుమార్గము పూర్తియగుటతో రామగుండము మద్రాసునకును ఢిల్లీకిని నడుమనున్న పెద్దదారిలో జేరెను. గోదావరిఖని గనులు 1960వ దశకారంభమున దెఱచుకొనినవి. 1983లో జాతీయ విద్యుత్సంస్థవారి మొదటి యంత్రము రామగుండమున దిరిగెను. నేడు సింగరేణిలో నూటికి 51 వంతులు రాష్ట్రప్రభుత్వమువి, 49 వంతులు కేంద్రప్రభుత్వమువి.

ఈ సంవత్సరముల వరుస నేల చెప్పితిమనగా, గోదావరిఖని పట్టణమే యొక పెద్ద సత్రము. నాలుగు దిక్కులనుండి బ్రతుకుదెరువునకై వచ్చినవారు అచట స్థిరపడిరి. వారిలో మన సంఘీయులును గలరు. గనిలోనికి దిగువాని కులమును బొగ్గు అడుగదు. పైకప్పు కూలినయెడల నది అందఱిపైనను సమముగా గూలును. భూమిక్రింద నొకరి ప్రాణమున కొకరు పూచీపడిన మనుష్యుల తలిదండ్రులు భూమిపైన నొక రాత్రి నీడకు నోచుకొనకుండుట న్యాయమా?

మూడవదినమున పెద్దపల్లికి సమీపముననున్న ధూళికట్టను, పెదబంకూరును జూచితిమి. 1970 ప్రాంతమున జరిగిన త్రవ్వకములయందు పెదబంకూరున ఇటుకబావులును, వేలకొలది శాతవాహన నాణెములును బయల్పడినవి. ఇచట వర్తకు లెంతగా సంచరించిరో ఆ నాణెములే చెప్పుచున్నవి. ధూళికట్ట స్తూపమున ముచిలిందనాగుని శిల్పము దొరికినది. గాలివాన వచ్చినపుడు ముచిలిందుడు ధ్యానమందున్న బుద్ధునకు ఏడుదినములు పడగనీడ పట్టెనని బౌద్ధగాథ. సబ్బినాట మాకు గానవచ్చిన ఆతిథ్యచిహ్నములలో మిక్కిలి ప్రాచీనమైనది ఇదియే.

ఇట్టి ధర్మమును శాసనమున జెక్కించిన రాజ్యమును ఆంధ్రదేశమున గలదు. గుంటూరు మండలమందలి మల్కాపురశాసనము 1261వ సంవత్సరము నాటిది. కాకతి రుద్రమదేవి కాలమున వేయబడినది. గణపతిదేవునకు గురువగు విశ్వేశ్వరశివాచార్యులు స్థాపించిన మఠమునకు గ్రామములను దానమిచ్చి, దేవాలయమునకు, విద్యార్థులకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు భాగములు పంచిరి. ఆ సత్రమున బ్రాహ్మణులు మొదలు చండాలుర వఱకు వచ్చినవారి కందఱికిని అన్నము పెట్టవలెనని శాసనము విధించుచున్నది. ఏడువందల యేండ్ల క్రిందట మఠాధిపతి తెఱచిన తలుపును నేడు మనము మూయుట తగునా?

తరువాతికాలమున గోలకొండ సుల్తానులు షేక్‌పేట మొదలగు చోట్ల సరాయిలు గట్టించిరి. 1830–31 సంవత్సరములలో కాశికి బోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు హైదరాబాదు, నిర్మల మార్గమున గోదావరిని దాటి వెళ్లిరి. దిగుటకు వసతియు అంగళ్లును ఎచ్చట గలవో తమ యాత్రాచరిత్రయందు వ్రాసికొనిరి. వెనుక పోవువారికి అదియే దారిదీపమైనది.

కులసత్రములను మేము నిందింపము. ఒకచోట చోటు దొరకనివారు తమవారికై తామే గోడలు లేపుకొనుట సహజము. చందాలు పోగుచేసి, తమ కడుపు గట్టుకొని ఇండ్లు గట్టించిన దాతలకు మనము ఋణపడియున్నాము. కాని తలుపు మూయబడినవాడు కట్టుకొనిన యింటికి మఱల తలుపు మూయుట న్యాయము కాదు. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినపుడు ధర్మశాల, సరాయి, ముసాఫరుఖానా యను పేళ్లు అందు స్పష్టముగా జేర్చబడినవి. చట్టము శిక్షకు భయపెట్టగలదు, అతిథిని బిలువజాలదు. బిలువవలసినవారము మనము.

కావున సభ్యులకును పోషకులకును మా విన్నపము. బొగ్గుగనుల సీమలో మన సంఘము సత్రమును గట్టునపుడు, లేదా పాతదానిని బాగుచేయునపుడు, ఖాళీగది యుండగా ఏ బాటసారినిని బయట నిలుపరాదని నిబంధనలలో వ్రాయుడు. ఆసుపత్రిలోని రోగులకు తోడువచ్చినవారికి రెండుగదులు ప్రత్యేకించుడు. ఇందులకు గావలసిన ధన మధికము కాదు, సంకల్పమే కావలెను.

నాలుగవనాటి యుదయమున మేము బయలుదేరునపుడు ఆ యరుగు ఖాళీగా నుండెను. ఆ దంపతులు మొదటి తెల్లవాఱుననే వెడలిపోయిరట. క్షమార్పణ చెప్పుకొనుటకును మాకు అవకాశము లేకపోయెను. గుమాస్తాపుస్తకమున ఎవరు, ఎచ్చటినుండి, ఎచ్చటికి అను మూడు గడులు చాలును. నాల్గవగడిని కొట్టివేయుడు. అప్పుడే మన సత్రమునకు సత్రమను పేరు సార్థకమగును.