హాస్టల్ నుంచి ఇంటిదారి: ఒక ఆదివాసీ నాటకం సినిమా అయిన తీరు

హాస్టల్ నుంచి పారిపోయి ఇంటికి వచ్చేసిన పిల్లవాడి కథ మన గూడేల్లో అందరికీ తెలిసిందే. తల్లి ఏడుస్తుంది, తండ్రి కోప్పడతాడు, నాలుగు రోజులాగి మళ్లీ తీసుకెళ్లి దింపుతారు. పెద్దయ్యాక ఆ పిల్లవాడే నవ్వుతూ ఆ సంగతి చెబుతాడు. ఆ నవ్వు వెనక ఏముందో మనం అడగం.

ఆస్ట్రేలియా ఆదివాసీలు అడిగారు. అలాంటి కుర్రాడి కథను ముందు పాటల నాటకంగా ఆడారు, తర్వాత సినిమాగా తీశారు. దాని పేరు ‘బ్రాన్ న్యూ డే’. నాటకం 1990లో, సినిమా 2009లో వచ్చాయి. మధ్యలో పందొమ్మిదేళ్లు గడిచాయి. ఆ కథ రంగస్థలం నుంచి తెర మీదికి వెళ్లినప్పుడు ఏం నిలిచింది, ఏం పోయింది, ఎవరి చేతుల్లో ఉంది అన్నది మన యువత, మన ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన చరిత్ర అని మేము అనుకుంటున్నాము.

ముందు ఆ ఊరి గురించి చెప్పాలి. పశ్చిమ ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో బ్రూమ్ అనే చిన్న పట్నం ఉంది. సముద్రంలోంచి ముత్యపు చిప్పలు తీసే పని ఒకప్పుడు ఆ ఊరికి ఆధారం. ఆ పనికోసం జపాన్, చైనా, మలయా, ఫిలిప్పీన్స్ నుంచి మనుషులు వచ్చారు. వాళ్లకూ అక్కడి ఆదివాసీలకూ సంబంధాలు కలిశాయి. నాటకం రాసిన జిమ్మీ చీ 1948లో ఆ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి వైపు చైనా, జపాన్ రక్తం, తల్లి వైపు ఆదివాసీ, స్కాట్లాండ్ రక్తం.

ఆ ఊళ్లో ‘సన్ పిక్చర్స్’ అనే ఆరుబయట సినిమా హాలు ఉంది. 1916లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఒకప్పుడు అందులో తెల్లవాళ్లకు మంచి కుర్చీలు, ఆదివాసీలకు వేరే ద్వారం, పక్కన వేరే చోటు ఉండేవి. చట్టం కూడా అలాగే ఉండేది. 1905 నాటి చట్టం ప్రకారం పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలకు చట్టబద్ధ సంరక్షకుడు ప్రభుత్వ అధికారి; కన్న తల్లిదండ్రులు కారు. 1944లో వచ్చిన ఇంకో చట్టం కింద ఆదివాసీ మనిషి పౌరసత్వ హక్కుల పత్రం పొందాలంటే, దగ్గరి రక్త సంబంధీకులతో తప్ప తన జాతివాళ్లతో సంబంధం తెంచుకున్నానని చూపాలి. అంటే సొంత మనుషులను వదులుకుంటేనే పౌరుడు. 1967 ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి తొంభై మందికి పైగా ఆదివాసీలను జనాభా లెక్కల్లో చేర్చడానికి ఒప్పుకున్నారు. సినిమాలో కథ జరిగేది ఆ తర్వాత రెండేళ్లకు, 1969లో.

కథ చిన్నదే. విల్లీ బ్రూమ్ కుర్రాడు. రోజీ అనే పిల్ల మీద మనసు. తల్లి థెరిసాకు మాత్రం కొడుకు క్రైస్తవ గురువు కావాలని కోరిక. అందుకే దూరాన పెర్త్ నగరంలో మిషన్ వాళ్ల హాస్టల్లో వేసింది. అక్కడ పెత్తనం జర్మన్ ఫాదర్ బెనెడిక్టస్‌ది. ఒక రాత్రి పిల్లలు వంటింట్లో చాక్లెట్లు దొంగిలిస్తారు. శిక్ష పడేవేళ విల్లీ ఎదురు తిరిగి, పాట పాడి, పారిపోతాడు. నగరంలో ట్యాడ్‌పోల్ అనే తాగుబోతు పెద్దాయన తోడు దొరుకుతాడు. విల్లీ ఆయన్ని ‘అంకుల్’ అంటాడు. అక్కడి ఆదివాసీల్లో ఆ మాట మన ‘మామ’, ‘బాబాయి’ లాంటిది. రక్త సంబంధం లేకపోయినా పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. ఇద్దరూ ఒక జర్మన్ కుర్రాడి వ్యాన్ ఎక్కి రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి బ్రూమ్ చేరతారు. చివరికి ఎవరు ఎవరి బిడ్డో బయటపడుతుంది. ట్యాడ్‌పోలే విల్లీ తండ్రి. ‘అంకుల్’ అన్న పిలుపు నిజమైన సంబంధమై కూర్చుంటుంది. దారిలో పెరిగిన కుర్రాడు ఊరు చేరేసరికి తన వాళ్లెవరో తెలిసిన మనిషి అవుతాడు.

ఈ నాటకం ఒక్కడు గదిలో కూర్చుని రాసింది కాదు. జిమ్మీ చీ, బ్రూమ్‌కి చెందిన కకుల్స్ అనే బ్యాండ్ మిత్రులు ఏళ్ల తరబడి కట్టుకున్న పాటలే దానికి ఎముకలు. రెగె, రాక్, కంట్రీ, చర్చి పాటల బాణీలు అన్నీ అందులో కలిసిపోయాయి. ఆ బ్యాండ్ వాళ్లు ఎనభైల్లో అడిలైడ్‌లోని ఆదివాసీ సంగీత కేంద్రంలో చదువుకున్నారు. ఆండ్రూ రాస్ దర్శకత్వంలో నాటకం పెర్త్ ఉత్సవంలో మొదటిసారి ఆడింది. తర్వాత దేశమంతా తిరిగింది. పేరులో కూడా ఒక పంతం ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే అక్షరక్రమం కాకుండా, బ్రూమ్ జనం నోట పలికే తీరునే పేరుగా రాసుకున్నారు.

సినిమా తీసింది రేచెల్ పెర్కిన్స్. ఆమె ఆదివాసీ. ఆమె తండ్రి చార్లెస్ పెర్కిన్స్, 1965లో విద్యార్థులతో బస్సులో ఊరూరా తిరిగి, ఆదివాసీలను రానివ్వని ఈత కొలనుల దగ్గర నిరసన తెలిపిన నాయకుడు. రేచెల్ మొదటి సినిమా ‘రేడియన్స్’ (1998) కూడా ఒక నాటకం నుంచి వచ్చిందే. అంటే ఆమెకు రంగస్థలం కష్టసుఖాలు ముందే తెలుసు.

రంగస్థలం మీద వ్యాన్ కదలదు. నటులు ఊగుతారు, పాట మారుతుంది, చూసేవాళ్లు ఊహలో దారి వేసుకుంటారు. సినిమాలో ఆ దారి నిజంగా కనిపిస్తుంది. బ్రూమ్ ఎర్రమట్టి, పక్కనే నీలి సముద్రం తెర నిండా పరుచుకుంటాయి. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలకు కెమెరా పట్టిన ఆండ్రూ లెస్నీ దీనికీ పట్టాడు. నేల కథలో ఒక మనిషిలా నిలబడింది. ఇది సినిమా వల్ల కలిగిన లాభం.

నష్టమూ ఉంది. రెండు గంటలకు పైగా సాగే నాటకం సినిమాకి వచ్చేసరికి గంటన్నరలో ఇమిడింది. విల్లీ, రోజీల ప్రేమ ముందుకొచ్చింది, నవ్వు పెరిగింది. కథ మరీ తేలికైపోయిందని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ మాటను మేము కొట్టిపారేయము. నాటకం వచ్చిన 1990లో, పోలీసు కస్టడీలో, జైళ్లలో చనిపోయిన 99 మంది ఆదివాసీల మరణాల మీద రాయల్ కమిషన్ విచారణ ఇంకా నడుస్తోంది. అప్పుడు ఆ నవ్వు వెనక మంట అందరికీ కనిపించింది. సినిమా వచ్చేనాటికి కాలం మారింది. 2008 ఫిబ్రవరి 13న, తల్లుల నుంచి లాక్కున్న పిల్లల తరాలకు ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ మరుసటి ఏడాది హాల్లో కూర్చున్నవాళ్లు అదే పాటకు హాయిగా నవ్వుకుని వెళ్లిపోగలరు. ఒక కథ ఆలస్యంగా తెరకెక్కితే జరిగేది ఇదే.

అయినా కొన్ని వదులుకోలేదు. ప్రయాణం మధ్యలో పోలీసులు వీళ్లను లాకప్‌లో వేసే ఘట్టం ఉంచారు. అక్కడ నవ్వు ఆగుతుంది. పేరు మార్చలేదు, పాటల్లో యాస సరిదిద్దలేదు. 1990లో రంగస్థలం మీద ట్యాడ్‌పోల్ వేసిన ఎర్నీ డింగోయే సినిమాలోనూ వేశాడు. విల్లీ పాత్రకు పెద్ద నటుణ్ణి వెతకలేదు. బ్రూమ్‌కి చెందిన రాకీ మెకెంజీని తీసుకున్నారు, అతనికి అదే మొదటి సినిమా. పేరున్న తెల్లజాతి నటుడు జెఫ్రీ రష్ ఫాదర్ బెనెడిక్టస్ అయ్యాడు. కథానాయకుడు మాత్రం ఆదివాసీ కుర్రాడే. సినిమా ఆస్ట్రేలియాలో 70 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. జనం చూడరన్న భయం నిలవలేదు. జిమ్మీ చీ 2017లో బ్రూమ్‌లోనే కన్నుమూశాడు. తన కథ తెర మీద చూసుకునే అదృష్టం ఆయనకు దక్కింది.

ఇందులోంచి మేము నేర్చుకున్నది ఒక్కటే. నాటకాన్ని సినిమా చేసేటప్పుడు కోతలు తప్పవు. ఏది కోయాలో నిర్ణయించే చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న. ఆ చెయ్యి మన మనిషిది కాకపోతే ముందుగా పోయేది మన యాస, తర్వాత మన లాకప్ ఘట్టం. చివరికి డోలు, కొమ్ము, ఈకల తలపాగా మాత్రం మిగులుతాయి. తెర మీద ఆదివాసీలు కనిపిస్తారు, ఆదివాసీ కథ మాత్రం ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం: వార్షికోత్సవానికి పిల్లలచేత సినిమా పాటలకు గంతులు వేయించే బదులు ఒక్కసారి వాళ్ల కథ వాళ్లనే నాటకంగా కట్టనివ్వండి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో మాట్లాడనివ్వండి. హాస్టల్లో మొదటి రాత్రి ఎలా గడిచిందో ఆడి చూపమనండి. అందులో మన మీద కూడా నాలుగు మాటలు పడతాయి. పడనివ్వాలి. యువతకు చెప్పేది: చేతిలో ఫోను ఉంది, కెమెరా ఉంది. ముందు నాటకం ఆడండి, గూడెం పెద్దల ముందు ఆడండి, వాళ్లు తప్పు చెబితే దిద్దుకోండి. అలా పదిసార్లు ఆడి నలిగిన కథ కెమెరా ముందుకు వెళ్లినా చెడిపోదు.

ఒకప్పుడు పక్క ద్వారం గుండా సినిమా హాల్లోకి వెళ్లినవాళ్ల పిల్లలు ఇవాళ తెరకే యజమానులయ్యారు. వాళ్లకు పందొమ్మిదేళ్లు పట్టింది. మనం ఇవాళ మొదలుపెట్టవచ్చు.