పాత స్పోర్ట్స్ కారు – మూడవవాని కన్ను

1960 ప్రాంతమున ఇంగ్లండులో ఒక పెద్దమనిషి కార్ల వర్తకునితో తనకు బెంట్లీ కారు ఒకటి కావలెననియు, అది బాగుగా ‘వెట్’ చేసినదై యుండవలెననియు చెప్పెను. ఈ ‘వెట్’ అను మాటకు ఒక చరిత్ర కలదు. అది వెటర్నరీ అను మాటకు పొట్టి రూపము. గుఱ్ఱమును కొనుటకు ముందు పశువైద్యునికి చూపించుట ఆ దేశపు ఆచారము. ఆ పరీక్షకై పుట్టిన క్రియాపదము క్రమముగా మనుష్యులకును, పత్రములకును, తుదకు యంత్రములకును వ్యాపించినది. మన సంతలలో ఎద్దు పళ్ళు చూచుట, సుడులు చూచుట, నాలుగడుగులు నడిపించి చూచుట శ్రోతలకు తెలిసినవే. తెలివైన రైతు వీనిని తానొక్కడే చూడడు. అమ్మువానితో చుట్టరికము గాని బాకీ గాని లేని పెద్దను ఒకనిని వెంటబెట్టుకొని పోవును. స్పోర్ట్స్ కారు కొనువానికి అట్టి పెద్ద అవసరమా? ఈ ప్రశ్నకు బ్రిటిషు కోర్టుల చరిత్రలో మంచి సమాధానములు దొరకుచున్నవి.

ముందుగా ఆ బెంట్లీ సంగతి. వర్తకుడు ఒక కారును చూపి, దీనికి ఇంజనును గేర్ బాక్సును మార్చిన పిమ్మట 20,000 మైళ్ళు మాత్రమే తిరిగినదని చెప్పెను. కొన్నవాడు 1,850 పౌన్లు చెల్లించెను. కారు లక్ష మైళ్ళ దాక తిరిగినదని తరువాత తేలెను. 1965లో ఈ వివాదము అప్పీలు కోర్టుకు వచ్చినప్పుడు లార్డ్ డెనింగ్ కొన్నవాని పక్షముననే తీర్పు చెప్పెను. తయారుచేసిన కంపెనీకి వ్రాసి కారు చరిత్రను తెలిసికొనుట వర్తకునికి సాధ్యమై యుండగా అతడట్లు చేయలేదు. కనుక అతని మాట వట్టి అభిప్రాయము కాదు, పూచీయే యనిరి. 400 పౌన్ల నష్టపరిహారము నిలిచినది.

అంతకు ఎనిమిదేండ్ల ముందు, 1957లో, అదే కోర్టు ముందునకు దీనికి తలక్రిందులైన కథ యొకటి వచ్చి యుండెను. అందు అమ్మినవాడు సామాన్య గృహస్థుడు, కొన్నవారు వర్తకులు. మారిస్ కారు 1948 నాటిదని రిజిస్ట్రేషను పుస్తకములో ఉన్నది. అమ్మినవాడును దానినే నమ్మెను. వర్తకులు 290 పౌన్లు కట్టి యిచ్చిరి. అది నిజమునకు 1939 నాటి కారు. ఎవరో మునుపే పుస్తకమును దిద్దియుండిరి. దాని అసలు విలువ 175 పౌన్లే. వర్తకులు ఎనిమిది నెలల తరువాత ఛాసీ నంబరును, ఇంజను నంబరును కంపెనీకి పంపి నిజము తెలిసికొనిరి. ఆ పని కొనునాడే చేయవచ్చును గదా యని కోర్టు వారిని వట్టిచేతులతో పంపెను. నేటికిని స్పోర్ట్స్ కారు పరీక్షించువాడు మొదట చూచునవి ఆ రెండు నంబర్లే. ఇంజను మారిన కారు విలువ మారును. నంబరు దిద్దిన కారునకు విలువయే లేదు.

కొనువాడే జాగ్రత్తపడవలెనను లాటిను సూత్రము ప్రసిద్ధమైనది. అయినను రోములో సంతలపై అధికారులైన ఈడైలులు బానిసలను, పశువులను అమ్మువారు వాని రోగములను ముందుగా వెల్లడింపవలెనని శాసించిరి. ఇంగ్లండులో 1893 నాటి వస్తు విక్రయ చట్టము మధ్యమార్గము త్రొక్కినది. వర్తకుడు అమ్మిన సరకు అమ్మకమునకు తగినదై యుండవలెను. కాని కొనువాడు సరకును పరీక్షించినచో, ఆ పరీక్షలో కనబడి తీరవలసిన లోపములకు వర్తకుడు బాధ్యుడు కాడు.

ఈ నియమములోని ముల్లు 1919లో బయటపడినది. జిగురు పీపాలను కొనదలచిన కొందరు గిడ్డంగికి వెళ్ళిరి. పీపాలు విప్పి చూచుటకు అన్ని ఏర్పాట్లును ఉండెను. వారికి తొందర. పైపైన పీపాలను చూచి వెళ్ళిపోయిరి. లోపలి జిగురు బాగులేదు. వారు పరీక్షించినట్లే యని కోర్టు తేల్చినది. మూత విప్పియుంటే లోపము కనబడెడిది గనుక, వర్తకునిపై వారికి ఏ హక్కును మిగులలేదు. అరకొరగా చూచుట కంటె అసలు చూడకపోవుటయే మేలైన విచిత్రమిది! బ్రిటనులో 1973లో ఈ మాటలను మార్చి, నిజముగా చేసిన పరీక్షలో కనబడవలసిన లోపములకు మాత్రమే పరిమితము చేసిరి. మన దేశమున 1930 నాటి వస్తు విక్రయ చట్టము 16వ సెక్షనులో పాత మాటలే నిలిచియున్నవి. కారు చుట్టు ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, బాగున్నదని తల ఊపు మన మిత్రులు ఈ జిగురు పీపాలను జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక.

వర్తకుడు సత్యమే చెప్పినను చిక్కు తీరదు. 1965 నాటి మరియొక వివాదము జాగ్వార్ కారును గూర్చినది. అది సెడాను కారే గాని, స్పోర్ట్స్ కార్లకు పేరుపడిన కంపెనీది. క్లచ్ కొంచెము చెడినదని వర్తకుడు ముందే చెప్పెను. తాను బాగుచేసి యిచ్చినచో 575 పౌన్లు, ఉన్నది ఉన్నట్లు తీసికొన్నచో 550. కొన్నవాడు లెక్క చూచుకొని 550కే తీసికొనెను. నెల తిరుగక మునుపే క్లచ్ విప్పవలసివచ్చినది. ఖర్చు 45 పౌన్లు. పాత కారు కొనువాడు నేడో రేపో లోపములు బయటపడునని ఎరిగి యుండవలెను, నడుచుటకు తగిన స్థితిలో ఉన్నచో చాలునని డెనింగ్ గారు తీర్పు చెప్పిరి. క్లచ్ విప్పనిదే దాని లోపమెంతో చెప్పుట కష్టము. అయినను నాలుగు మైళ్ళు నడిపి చూచిన నిపుణుడు ‘ఇది చిన్న పని కాదు’ అని హెచ్చరించుటకు అవకాశము ఉండెను. 25 పౌన్ల ఆదా అట్టి హెచ్చరిక లేకయే జరిగిన బేరము.

ప్రభుత్వ పరీక్ష ఉన్నది గదా యని కొందరందురు. బ్రిటనులో పదేండ్లు దాటిన కార్లకు రవాణా మంత్రిత్వ శాఖ పరీక్ష 1960లో ఆరంభమై, 1961లో నిర్బంధమైనది. మొదట బ్రేకులు, దీపములు, స్టీరింగు మాత్రమే చూచెడివారు. పరీక్షలో ఓడిన కార్ల సంఖ్యను చూచి వయస్సు పరిమితిని త్వరలోనే ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు తగ్గించిరి. తరువాత ఎన్నో అంశములు చేరినను, ఇంజను, గేర్ బాక్సు, క్లచ్‌ల ఆరోగ్యము ఆ పరీక్షకు నేటికిని చెందదు. అది రోడ్డు మీది ప్రజల క్షేమమునకు ఏర్పడినది, కొనువాని సంచి కొరకు కాదు.

ఇక స్పోర్ట్స్ కారు శరీరమును చూతము. 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. ఓపెన్ కారుకు లోహపు కప్పు లేదు. మామూలు కారులో కప్పు మోయు బరువు ఇందులో తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పోవు బోలు ఉక్కు దూలములపై పడును. నీరు వాని లోపల చేరి, తుప్పు లోనుండి బయటకు తినుకొనుచు వచ్చును. బయట కనబడునాటికి లోపలి రేకు పోయియుండును. పుట్టీ నింపి, పైన కొత్త రేకు అతికి, రంగు కొట్టినచో మామూలు కంటికి కొత్త కారే. నిపుణుడు చిన్న అయస్కాంతమును ఆనించి చూచును. పుట్టీ మందముగా ఉన్నచోట అది పట్టదు. కారును జాకీ మీద లేపి తలుపు తెరచి మూయును. తలుపు సందు ఇరుకైనచో దూలములు బలము కోల్పోయినవని గ్రహించును. 1961లో జెనీవాలో తొలిసారి చూపిన జాగ్వార్ ఇ-టైపులో ఇంజనును మోయునది సన్నని ఉక్కు గొట్టముల చట్రము. ఆ గొట్టములును లోపలనే తుప్పు పట్టును. దాని వెనుక బ్రేకులు చక్రములవద్ద గాక డిఫరెన్షియలు ప్రక్కన దాగియున్నవి. వానిని బాగుచేయుటకు చాల సామాను విప్పవలెను. ఈ బ్రేకుల సంగతి ఎరుగని మెకానిక్కు ఎంత నిజాయితీపరుడైనను ఇక్కడ పనికిరాడు. వేగముగా నడచుటకే కొనెడి కారు గనుక, పుట్టీ క్రింద దాగిన తుప్పు ధన నష్టముతో ఆగకపోవచ్చును.

1970లో జార్జ్ అకెర్లాఫ్ అను అమెరికను ఆర్థికవేత్త పాత కార్ల సంతను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. లోపము అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియనిచోట, కొనువాడు భయముతో అన్ని కార్లకును తక్కువ ధరయే యిచ్చును, మంచి కార్లవారు ఆ ధరకు అమ్మలేక సంత విడిచిపోవుదురు, చెడ్డవి మిగులును. 2001లో అతనికి నోబెల్ బహుమానములో భాగము వచ్చినది. ఈ లెక్కను బట్టి చూచినచో, మూడవవాని పరీక్షకు ఒప్పుకొనుట మంచి కారు అమ్మువానికే లాభము. అమెరికాలో 1985 నుండి వర్తకులు పాత కారు అద్దమునకు అంటింపవలసిన పత్రములో, మీ మెకానిక్కు చూచుటకు ఒప్పుకొందురా యని వర్తకుని అడుగుడని కొనువానికి సలహా ముద్రింపవలసియున్నది. అడుగగా ముఖము చిట్లించువాని వద్ద మేమైతే నిలువము.

మా అభిప్రాయములో ఇంటివారి వద్ద కొనునప్పుడు ఈ పరీక్ష మరింత అవసరము, ఏలనన వర్తకునిపై చట్టము మోపిన బాధ్యత వారిపై లేదు. విడిభాగములకై చౌకగా కొనువానికి మాత్రము ఇది అక్కరలేదు. అమ్మువాడు పేరు చెప్పిన మెకానిక్కును విడువుడు. మరమ్మతు పని తనకే దక్కునని ఆశించువాడును పూర్తిగా స్వతంత్రుడు కాడు. పరీక్షకుడు ఇంజను విప్పడు. ఆ దినమున కనబడినదే వ్రాయును. ఆ కాగితము చేత బట్టుకొని బేరము మానుకొనవచ్చును, ధర తగ్గింపుమనవచ్చును, లేదా ఫలానా భాగము బాగున్నదని అమ్మువాని చేత వ్రాయించుకొనవచ్చును. ఆ వ్రాత రసీదు మీదనే, సంతకమునకు పైన ఉండవలెను.