పప్పన్నానికి ఫాస్ట్ బౌలర్లు పుడతారా?

2025 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండు మీద మనవాళ్ళు 6 పరుగుల తేడాతో టెస్టు గెలిచారు. చివరి ఇన్నింగ్స్‌లో మన హైదరాబాదు సిరాజ్ 5 వికెట్లు తీశాడు. ఆ రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర ఆ కబుర్లే. మా బావగారు మాత్రం పెదవి విరిచారు. “ఏదో ఒకడు పుట్టాడు గానీ అమ్మాయ్, ఫాస్ట్ బౌలింగు మన నీళ్ళలో లేదు. దానికి పంజాబు గోధుమ రొట్టె ఉండాలి, మాంసం ఉండాలి. పప్పన్నానికి ఎక్కడ పుడతారు?” అన్నారు.

చారు పోస్తున్న గరిటె అలాగే ఆగిపోయింది. వండిపెట్టేది మనం కదా, ఎక్కడ ఏది లోపించినా నింద తిరిగి తిరిగి మన పొయ్యి మీదికే వస్తుంది!

పులుసు రుచి చెడితే ఏం చేస్తాం? అన్నీ అలాగే ఉంచి ఏదో ఒక్కటి మార్చి చూస్తాం. లోపం ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. చరిత్ర అలాంటి పని ఒకటి చేసింది, 1947లో, అదే పంజాబులో. చాలా క్రూరంగా చేసింది, అది వేరే కథ. 1932 జూన్‌లో లార్డ్స్‌లో మనదేశం మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు బంతి పట్టింది స్పిన్నర్లు కాదు. పంజాబు నుంచి మహమ్మద్ నిస్సార్, రాజ్‌కోట నుంచి అమర్ సింగ్. 19 పరుగులకే ఇంగ్లండు 3 వికెట్లు పోగొట్టుకుంది. నిస్సార్ పుట్టిన హోషియార్‌పూర్ ఈనాటికీ మన వైపే ఉంది. దేశం చీలాక ఆయన మాత్రం అటు వెళ్ళిపోయాడు.

గీత కటు ఇటు గోధుమ అదే, రొట్టె అదే, రక్తం అదే. మరేమైంది? అటు లాహోరు ఫజల్ మహమూద్ 1954లో, ఇదే ఓవల్‌లో, 12 వికెట్లు తీసి ఇంగ్లండును ఓడించాడు. అతన్ని చూసి వీధుల్లో పిల్లలు పరుగెత్తడం నేర్చారు. ఆ తర్వాత ఇమ్రాన్, వసీం, వకార్. ఇటు మనకి ముప్పై ఏళ్ళ పాటు కొత్త బంతి మెరుపు పోగొట్టి స్పిన్నర్ల చేతికివ్వడమే పెద్ద పని. గవాస్కర్ అంతటి బ్యాటరు చేత కూడా బౌలింగు మొదలుపెట్టించారంటే చూడండి! రొట్టె మారలేదు, అడిగేవాళ్ళు మారారు.

ఈ సంగతి బాగా తెలియాలంటే ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గు గనుల దాకా వెళ్ళాలి. గని నోటి దగ్గర నిలబడి ఈల వేస్తే లోపలి నుంచి ఒక ఫాస్ట్ బౌలరు పైకొస్తాడని అక్కడ ఒక సామెత. హెరాల్డ్ లార్‌వుడ్ అలా వచ్చినవాడే. తండ్రి గని కార్మికుడు. కొడుకు పద్నాలుగేళ్ళకే గనిలో బండ్లు లాగే పొట్టి గుర్రాలను తోలే పనికి కుదిరాడు. పెరిగాక కూడా పొడవు 5 అడుగుల 8 అంగుళాలే. ఎత్తూ భారీ దేహమూ ఉండాలనే వాళ్ళకి ఇదొక సమాధానం.

చీకట్లో ఒళ్ళు వంచి పనిచేసిన కుర్రాడి నడుముకీ భుజాలకీ బలం వస్తుంది, కాదనను. కానీ బొగ్గు మన సింగరేణిలోనూ తవ్వారు. తేడా ఏమిటంటే, నాటింగ్‌హామ్ పల్లెల్లో గని పక్కనే పచ్చిక మైదానం ఉండేది. 1920లో చట్టం చేసి, తవ్విన టన్నుకి ఒక పెన్నీ చొప్పున యజమానుల దగ్గర వసూలు చేసి, కార్మికుల ఊళ్ళకి క్లబ్బులూ ఆటస్థలాలూ కట్టించారు. పైన కౌంటీ జట్టు జీతమిచ్చి పిలిచేది. గనిలోంచి వెలుగులోకి వచ్చే దారి అది. ఎవరు పరుగెత్తరు?

ఆ దారికి కూడా రెండు గుమ్మాలుండేవి. కూలికి ఆడేవాళ్ళకొకటి, దొరలకొకటి. చాలాచోట్ల దుస్తులు మార్చుకునే గదులు కూడా వేరు. దొరలకు బ్యాటింగంటే మోజు. ఎండలో పరుగెత్తి ఒళ్ళు హూనం చేసుకునే పని కూలివాళ్ళది. ఈ పంక్తి భేదం 1962లో గానీ రద్దు కాలేదు. 1932-33లో ఆస్ట్రేలియాలో, బొంబాయిలో పుట్టిన దొర జార్డిన్ కెప్టెనుగా, బ్రాడ్‌మన్ మీదికి బాడీలైన్ బంతులు వేయించాడు. వేసింది లార్‌వుడ్, 33 వికెట్లు తీశాడు. గొడవ రెండు ప్రభుత్వాల దాకా పాకింది. చివరికి క్షమాపణ రాసివ్వమని లార్‌వుడ్‌నే అడిగారు. కెప్టెను చెప్పినట్టు వేశాను, నేనెందుకివ్వాలన్నాడు. మళ్ళీ ఇంగ్లండుకి ఆడలేదు. జార్డిన్ మాత్రం మరుసటి ఏడాదే కెప్టెనుగా మన దేశానికి జట్టును తీసుకొచ్చాడు! లార్‌వుడ్ కొన్నాళ్ళు బ్లాక్‌పూల్‌లో మిఠాయి దుకాణం పెట్టుకుని, 1950లో భార్యనీ అయిదుగురు కూతుళ్ళనీ తీసుకుని ఆస్ట్రేలియాకే వెళ్ళిపోయాడు. తిట్టిన దేశమే అన్నం పెట్టింది. 1995లో అక్కడే పోయాడు.

నాటింగ్‌హామ్‌షైర్‌లో ఆఖరి గని 2015లో మూతపడింది. ఈల వేసినా ఇప్పుడు పలికేవాడు లేడు.

నా వాదనకి ఇమ్రాన్ ఖాన్ అడ్డొస్తాడని తెలుసు. కలవారి బిడ్డ, ఆక్స్‌ఫర్డు చదువు. అయితే అతని దేశంలో ఫాస్ట్ బౌలరంటే అప్పటికే హీరో. మన దగ్గర కపిల్ దేవ్ కుర్రాడుగా ఒక శిక్షణ శిబిరంలో, ఫాస్ట్ బౌలర్ని, ఈ రెండు రొట్టెలు నాకేం చాలతాయన్నాడట. మనదేశంలో ఫాస్ట్ బౌలర్లెక్కడున్నారని అక్కడి పెద్దాయన నవ్వాడని కపిలే చెప్పుకున్నాడు. రొట్టె లేక కాదు, పెట్టేవాడికి నమ్మకం లేక! ఆ కుర్రాడే 434 వికెట్లు తీశాడు. అతన్ని చూసి ఎందరో పరుగెత్తారు. 1987లో మద్రాసులో ఫాస్ట్ బౌలర్ల కోసమే ఒక శిక్షణాలయం వెలిసింది, ఆస్ట్రేలియా నుంచి లిల్లీ వచ్చి నేర్పాడు. మైసూరు శ్రీనాథ్, శ్రీరాంపూర్ జహీర్, చివరికి మణికట్టు సొగసుకే పేరుపడ్డ హైదరాబాదు నుంచి ఆటో డ్రైవరు కొడుకు సిరాజ్.

ఇదంతా చెప్పాను. బావగారు విన్నారు. “అయితే ఆడపిల్లల్లో ఎవరున్నారమ్మా?” అన్నారు.

ఝులన్ గోస్వామి ఉంది. బెంగాల్లో చాక్‌దహా అనే చిన్న ఊరు. 1997లో కలకత్తాలో ఆడవాళ్ళ ప్రపంచకప్పు ఫైనల్లో బౌండరీ దగ్గర బంతులందించింది. అక్కడ ఆస్ట్రేలియా అమ్మాయిలను చూసి తనూ ఆడతానంది. తెల్లవారకుండానే లేచి రైలెక్కి కలకత్తా వెళ్ళి నేర్చుకుంది. 2022లో ఆట విరమించేనాటికి వన్‌డేల్లో 255 వికెట్లు, ప్రపంచంలో ఏ ఆడపిల్లా అప్పటికి అన్ని తీయలేదు.

“ఆ పిల్ల ఏం తినేదో?” అన్నారు బావగారు.

“బెంగాలీ పిల్ల కదండీ, అన్నమే తిని ఉంటుంది.”

ఆయన మజ్జిగ కోసం విస్తరిలో అన్నం కొంచెం పక్కకి జరిపారు.