ఉంగరాల జుట్టు గుర్రం

1868లో అచ్చయిన పుస్తకంలో పెంపుడు జంతువుల్లో వచ్చే మార్పుల గురించి రాస్తూ డార్విన్, పరాగ్వే గుర్రాల సంగతి ఒకటి చెప్తాడు. అది స్పెయిన్ దేశపు ప్రకృతి పరిశీలకుడు ఫెలిక్స్ దె అసారా అంతకుముందే రాసిపెట్టిన విషయం. అక్కడ ఉంగరాలు తిరిగిన జుట్టుతో గుర్రప్పిల్లలు తరచుగా పుడతాయట. మామూలుగా వాటిని చంపేస్తారట. ఇలాంటి గుర్రాలకు జూలూ తోకా పొట్టిగా, డెక్కలు కంచరగాడిదవాటిలా ఉంటాయన్నది డార్విన్‌కి ఆసక్తి కలిగించిన అంశం. నాకు మాత్రం ఆ ‘చంపేస్తారట’ దగ్గరే చూపు ఆగిపోయింది.

ఉత్తర అమెరికాలో కథ వేరు. డకోటాలు ఒక్కో ఏడాదికి ఒక్కో గుర్తు చొప్పున తోలు మీద బొమ్మలు గీసి కాలాన్ని లెక్కపెట్టుకునేవారు. లోన్ డాగ్ అనే ఆయన దగ్గరున్న అలాంటి లెక్కలో 1803-04 శీతాకాలానికి గుర్తు, క్రో జాతివాళ్ళ దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన ఉంగరాల గుర్రాలు. ఏడాది మొత్తానికీ గుర్తుంచుకోవలసిన సంగతి అదే అనుకున్నారంటే, వాళ్ళ దృష్టిలో వాటి విలువ తక్కువేం కాదు.

ఆ తర్వాత దాదాపు వందేళ్ళకి, 1898లో, నెవాడాలో పశువులు పెంచుకునే డమేలీ కుటుంబం కళ్ళబడ్డాయివి. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం అది. ఆస్టిన్ ఊరికి దగ్గర్లోని పీటర్ హాన్సన్ కొండల్లో గుర్రం మీద వెళ్తున్న తండ్రీకొడుకులకి ఒళ్ళంతా ఉంగరాలతో మూడు గుర్రాలు కనిపించాయి. చూసి ఆశ్చర్యపోయారు, అంతే. వాటి అసలు విలువ తెలిసింది 1932 చలికాలంలో. మంచుకి మేత దొరక్క, చలికి తట్టుకోలేక గుర్రాలు కుప్పలుగా చచ్చిపోతే, ఈ ఉంగరాలవి బతికి బయటపడ్డాయి. 1951-52లో మళ్ళీ అదే జరిగింది. దాంతో డమేలీలు వాటిని పనిగట్టుకుని పెంచడం మొదలుపెట్టారు. ఒకచోట ప్రాణం తీసిన జుట్టే మరోచోట ప్రాణం నిలబెట్టింది.

1971లో ఈ జాతికి రిజిస్ట్రీ ఏర్పడింది. పేరు ‘అమెరికన్ బాష్కిర్ కర్లీ’. ఆ పేరులోనే పొరపాటుంది. రష్యాలోని బాష్కిర్ గుర్రాలకి ఇలాంటి జుట్టుంటుందని అనుకుని పెట్టారు. తీరా చూస్తే అటువైపు ఉంగరాలు కనిపించేది తజికిస్తాన్ ప్రాంతపు లొకాయ్ జాతిలో. పైగా రష్యన్లు ఈ గుర్రాలను అమెరికాకి తెచ్చినట్టు ఆధారమూ లేదు. 2017లో ఫ్రెంచి పరిశోధకులు కెఆర్‌టి25 అనే జన్యువులో ఒక మార్పును పట్టుకున్నారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వచ్చినా చాలు, జుట్టు ఉంగరాలు తిరుగుతుంది. వీటిలో కొన్ని వేసవిలో జూలు రాల్చేసుకుని చలికాలానికి మళ్ళీ పెంచుకుంటాయి కూడా.

ఇప్పుడు ఈ గుర్రాలకు గిరాకీ ఉన్నది చలి వల్ల కాదు, ఎలర్జీ వల్ల. గుర్రమంటే ప్రాణం, దగ్గరికెళ్తే తుమ్ములూ ఆయాసం. అలాంటివాళ్ళకి ‘కర్లీ అయితే ఫరవాలేదు’ అన్న మాట వరంలా వినిపిస్తుంది. కానీ ఎలర్జీ తెప్పించేది జుట్టు కాదు. గుర్రం లాలాజలంలోనూ చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రొటీన్లు. జర్మనీలో వివిధ జాతుల వెంట్రుకలు పరీక్షించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో, కర్లీలలో ఆ ప్రొటీన్ తక్కువేమీ లేదని తేలింది. ఒకే జాతిలోనూ గుర్రానికీ గుర్రానికీ చాలా తేడా కనిపించింది.

మరి కర్లీలతో హాయిగా ఉన్నామనే రౌతులందరూ అబద్ధాలు చెప్తున్నారా? అలా అనడానికీ లేదు. కర్లీల మీద స్వారీ చేసిన ఎలర్జీ రోగులు క్రమంగా గుర్రాలకి అలవాటుపడ్డారని మరో జర్మన్ అధ్యయనం చెప్పింది. అనుభవం నిజమే కావచ్చు, దాన్ని జాతి మొత్తానికీ హామీగా అమ్మడంతోనే పేచీ. ఉబ్బసమున్న పిల్లని ఆ హామీ నమ్ముకుని గుర్రమెక్కిస్తే, తేడా వచ్చినప్పుడు ఊపిరాడక అవస్థపడేది ఆ పిల్లే.

డమేలీలు ఈ గుర్రాలని పేరు చూసి నమ్మలేదు. అప్పటికి వీటికి పేరే లేదు. రెండు చలికాలాలు చూశాక నమ్మారు. ఎలర్జీ ఉన్నవాళ్ళూ అంతే చెయ్యాలి: ముందు డాక్టర్ని అడిగి, కొనబోయే ఆ ఒక్క గుర్రం పక్కన నాలుగు రోజులు మసిలి చూడాలి. డబ్బులిచ్చే సంగతి ఆ తర్వాత.