దూబగుంట రోశమ్మగారు

శతాబ్ది సంచికకు చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, గుడి కట్టించిన దొరలను గూర్చి వ్రాస్తానని అనుకొని ఉండవచ్చును. ఆ సంగతులు ఇతరులు నాకంటె బాగుగా వ్రాస్తున్నారు. నేను మన రిజిస్టరులో పేరులేని ఒక నెల్లూరు స్త్రీని జ్ఞాపకము చేయదలచినాను.

కారణమున్నది. నేను జరిగించిన భూస్థాపన ఆరాధనలలో నలుబది యేండ్లు నిండని పురుషులవి ఎన్నో లెక్క వేయుటకు నాకు మనస్సు రాదు. మన మెట్ట నేలలో వేరుశనగ ఎండిపోయిన సంవత్సరమున కూడ మందు అంగడి మాత్రము ఎండదు. ఈ సంగతి గుడిలో మనము బిగ్గరగా మాట్లాడుకొనము.

మద్యనిషేధము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. రాజాజీగారు 1937లో సేలములో ప్రారంభించి, మరుసటి యేడు మన పొరుగున ఉన్న చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేశారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట అమలైనది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మరుసటి యేడే, 1954లో, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ ప్రశ్న మీదనే ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. ఇదంతా పెద్దలు పైనుండి చేసిన పని. కూలి డబ్బులకై సాయంకాలము గుమ్మములో ఎదురు చూచే భార్యను ఎవరూ అడుగలేదు.

ఆ తరువాత గాలి తిరిగినది. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని అను పేరుతో సారాను ప్లాస్టిక్ పొట్లములలో పల్లెపల్లెకు చేర్చినది. 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలున్న అబ్కారీ ఆదాయము 1991-92 నాటికి 800 కోట్లు దాటినది. ఆ కోట్లు ఎవరి గిన్నెలలోనుండి వచ్చినవో చెప్పనక్కరలేదు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపము అను అక్షరాస్యతా కార్యక్రమము ఆరంభమైనది. అంతకు ముందు యేడే కేరళలోని ఎర్నాకుళము సంపూర్ణ అక్షరాస్యత గల జిల్లాగా పేరొందినది. పొలము పనులు ముగించుకొని స్త్రీలు రాత్రివేళ లాంతరు వెలుగులో పలక పట్టుకొన్నారు. చెప్పేవారికి జీతము లేదు. వారు స్వచ్ఛందముగా వచ్చినవారు. వాచకములో సీతమ్మ కథ అని ఒక పాఠమున్నది. త్రాగుడు వలన పాడైన కాపురము, సారా కొట్టు మూయించిన స్త్రీలు, ఇదే అందులోని సంగతి.

కలిగిరి మండలములోని దూబగుంటలో వర్ధినేని రోశమ్మగారు మొదలైన స్త్రీలు ఆ పాఠము చదివి ఊరకుండలేదు. ఆ ఊరిలో ఇద్దరు కూలీలు త్రాగిన మైకములో చెరువులో పడి చనిపోయినారు. స్త్రీలు గుంపుగా కదలి, మొదట కల్లును, తరువాత సారా తెచ్చిన జీపును ఊరిలోనికి రానీయక త్రిప్పి పంపారు. వారి కథే "ఆడవాళ్ళు ఏకమైతే" అను పాఠమై మరల వాచకములోనికి ఎక్కినది. చదివిన పాఠము పనియై, ఆ పని తిరిగి పాఠమగుట నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి. 1992లో నెల్లూరులో సారా వేలములు స్త్రీల గుంపుల ఎదుట మాటిమాటికి వాయిదా పడినవి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. సారా నిషేధము మాత్రము నిలిచినది.

రోశమ్మగారు 2016లో కన్నుమూశారు. పదవి పొందలేదు, మేడ కట్టలేదు. ఆమె గెలిచినదా ఓడినదా అని యువజన కూడికలో ఒక పిల్లవాడు నన్నడిగాడు. కొట్టు మూసినంత మాత్రమున దేహములోని దాహము మూతపడదు. అది ఆమె పొరపాటు కాదు. ఆ రెండవ పని చేయవలసినవారము మనము.

అది నేనెట్లు చేశానో చెప్పుకొనుట సిగ్గే. నా పరిచర్య తొలినాళ్ళలో ఒక సహోదరుడు ప్రార్థన కూడికలో లేచి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొన్నాడు. మేమంతా స్తుతించాము. మూడవ రాత్రి అతడు వణకుచు, గోడమీద పురుగులున్నవని కేకలు వేస్తుంటే, దయ్యమనుకొని తెల్లవారువరకు ప్రార్థించాను. ఉదయము ఫిట్సు వచ్చిన తరువాతనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. ఏండ్ల తరబడి విపరీతముగా త్రాగినవాడు హఠాత్తుగా మానితే రెండు మూడు దినములలో ఇట్లగుననియు, ఇది ప్రాణము తీయగలదనియు, వెంటనే తేవలసినదనియు డాక్టరుగారు చెప్పారు. అతడు బ్రదికినాడు. వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకొన్నాను గాని, ఇది నేర్చుకొనలేదు.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణములో బిల్ అను షేర్ల వ్యాపారి, బాబ్ అను శస్త్రవైద్యుడు, ఇద్దరూ త్రాగుబోతులే, ఒకరితో ఒకరు మాట్లాడుకొనుటవలన నిలువగలిగారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అట్లు పుట్టినది. 1957 నాటికి మన దేశమునకు వచ్చినది. అందులో ఫీజు లేదు, ఉపదేశము తక్కువ, కుర్చీలు కావలెను.

మన సంఘములో కుర్చీలు వేసే ఒక అక్క ఉన్నది. పేరు వ్రాయవద్దన్నది. భర్త త్రాగుడువలననే పోయినాడు. ఇప్పుడు ఎవరింట గొడవ మొదలైనను పిల్లలను తన యింటికి తెచ్చుకొని, అన్నము పెట్టి, తండ్రిని ఆసుపత్రికి తీసుకొని పోవుటకు తానే ఆటో పిలుస్తుంది. ఆటో వెంట నన్ను రమ్మంటుంది. ప్రార్థన దారిలో చేయవచ్చును అయ్యగారూ, ముందు ఎక్కండి అంటుంది.