కె.ఎల్. రావు: శివారు రాజకీయం, గంగా–కావేరి పథకం

డాక్టర్ కానూరి లక్ష్మణరావు మీద వచ్చిన రచనలు దాదాపు అన్నీ ఒకే పాట పాడతాయి. ఆయన దారి తప్పి రాజకీయాల్లోకి వచ్చిన ఇంజనీరట, మంత్రిగా ఉన్న పదేళ్లూ ఆయన మనసు డిజైన్ కాగితాల మీదే ఉందట. ఈ వాదానికి పెద్దదిక్కయిన ఒక పరిశోధకుడు ఆయన ఎన్నికల జీవితాన్ని ఒక్క పేరాలో ముగించి, మిగతా వ్యాసమంతా ఆనకట్టలకిచ్చారు. 1962, 1967, 1971లలో వరసగా విజయవాడ లోక్‌సభ స్థానం గెలిచిన మనిషికి ఒక్క పేరానా?

కృష్ణా డెల్టా శివారు గ్రామాల్లో రైతులతో మాట్లాడుతున్నప్పుడు నాకు వేరే అనుమానం మొదలైంది. అక్కడ నాయకుణ్ణి తూచే రాయి ఒక్కటే: నాట్ల వేళకు కాలువ చివరికి నీళ్లు తెచ్చాడా, లేదా? ఎగువ రైతు తూము ముందు అడ్డు వేసుకుంటే, కాలువ కాపలా లస్కరు చూసీ చూడనట్టు పోతే, వంతు దాటిపోతుంది. కంకిపాడులో పుట్టిన రావుగారికి ఈ తగాదాలు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1972లో ఆయన ప్రతిపాదించిన గంగా–కావేరి పథకాన్ని ఈ కోణంలో చూడాలి. పట్నా దగ్గర ఏటా సుమారు 150 రోజులు 60 వేల క్యూసెక్కుల వరద నీరు తీసుకోవాలి. అందులో 50 వేల క్యూసెక్కులను దాదాపు 549 మీటర్ల ఎత్తుకు తోడి దక్షిణాదికి పంపాలి. మొత్తం 2,640 కిలోమీటర్ల దారి. దీన్ని ఇంజనీరు కల అంటారు. మరి ఖర్చు తక్కువ చూపారని, తోడడానికి 5 నుంచి 7 వేల మెగావాట్ల కరెంటు కావాలని లెక్క తేల్చి పక్కన పెట్టిందెవరు? కేంద్ర జల సంఘం ఇంజనీర్లే! ఆయన ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థ వారసులే. అంత ఎత్తు చూసి ఇంజనీరు వెనక్కి తగ్గుతాడు. ఎగువన నీళ్లు వృథాగా పోతుంటే చూస్తూ ఊరుకోలేనివాడు శివారు ప్రతినిధి. దేశపటం మీద దక్షిణాది ఆయనకు ఒక పెద్ద శివారు.

నాగార్జునసాగర్ డిజైన్‌లో ఆయన పాత్ర కాదనలేనిదే, కాని ఆ పని చాలావరకు 1962కు ముందుది. ఆత్మకథకు ‘ది క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టి, కింద ఇంజనీరు జ్ఞాపకాలని రాసుకున్నారు కదా అనవచ్చు. ఉపశీర్షికలు మర్యాద కోసం కూడా పెడతారు.

ఆయన పేరు పెట్టిన పులిచింతల జలాశయం సామర్థ్యం 45.77 టీఎంసీలు. ముంపు నల్లగొండ వైపు ఊళ్లకూ తగిలింది, 13 లక్షల ఎకరాల ఆయకట్టు స్థిరీకరణ మాత్రం డెల్టాకు. 2015లో పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని ఎత్తిపోసిందీ ఆ డెల్టా కోసమే. ఈ దేశంలో నదుల అనుసంధానం పేరుతో నడుస్తున్నదంతా నా దృష్టిలో శివారు రాజకీయమే. దాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లిన మొదటివాడు ఈ విజయవాడ సభ్యుడు.