ఊపిరి లెక్క తేల్చిన తండ్రీకొడుకులు

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ కన్నుమూశారు. ఆయనకు దహనమూ లేదు, ఖననమూ లేదు. వీలునామాలో రాసుకున్న ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. అప్పటికి ఆ కళాశాల మొదలై ఆరేళ్లు. బతికి ఉండగా ఈ శరీరం శాస్త్ర ప్రయోగాలకు పనికొచ్చింది, పోయాక కూడా ఉపయోగపడాలన్నది ఆయన కోరిక. దేహం పాడవకుండా చల్లగా భద్రపరచడానికి అయ్యే ఖర్చును తన ఆస్తిలోంచి అన్నిటికంటే ముందు తీయమని కూడా రాశారు.

హాల్డేన్ పేరు వినగానే జన్యుశాస్త్రం గుర్తొస్తుంది. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గరే పరిశోధన నేర్చుకున్నారు. అయితే ఆ శరీరం ప్రయోగాలకు నలిగింది జన్యువుల కోసం కాదు, ఊపిరి కోసం. ఆ అలవాటు తండ్రి నుంచి వచ్చింది. మనిషి ఎందుకు ఊపిరి తీసుకుంటాడన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికింది ఆ తండ్రి దగ్గరే.

తండ్రి పేరు జాన్ స్కాట్ హాల్డేన్. 1860లో ఎడిన్‌బరోలో పుట్టి, అక్కడే వైద్యం చదివాడు. 1880ల్లో స్కాట్లండ్‌లోని డండీ పట్టణంలో తోటి పరిశోధకులతో కలిసి అర్ధరాత్రి దాటాక పేదల ఇళ్ల తలుపులు తట్టి, ఒకే గదిలో కుటుంబమంతా నిద్రపోతున్న చోట గాలిని సీసాల్లో పట్టుకునేవాడు. బళ్లలో, మురుగు కాల్వల్లో కూడా అంతే. జనం కిక్కిరిసిన గదిలో తల బరువెక్కుతుంది, ఉక్కిరిబిక్కిరవుతుంది. అది దేనివల్ల? మనిషి వదిలే ఊపిరిలో పేరు తెలియని విషమేదో ఉంటుందని అప్పట్లో పేరున్న శాస్త్రవేత్తలే నమ్మారు. ఇంకొందరు ఆక్సిజన్ తగ్గడమే కారణమన్నారు.

హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌కు మారాక గాలి చొరబడని ఒక పెట్టె చేయించి, సహచరుడు లొరేన్ స్మిత్‌తో కలిసి ఈ సంగతి తేల్చే పనిలో పడ్డాడు. లోపల కూర్చుని, వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తూ గంటలు గడపాలి. మొదట ఏమీ తెలియదు. తర్వాత ఊపిరి లోతుగా, వేగంగా అవుతుంది. ఆపైన రొప్పు, తలనొప్పి. అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తూ, వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నం కలిసిన రసాయనంతో పీల్చేస్తే మాత్రం ఆయాసం జాడ లేదు. ఆక్సిజన్ మునుపటిలాగే తరిగిపోతున్నా మనిషి హాయిగా కూర్చున్నాడు. అందరూ వెతికిన ఆ అజ్ఞాత విషం ఎక్కడా లేదు.

ఈ ఫలితం ఎంత ముఖ్యమో తెలియాలంటే ఊపిరితిత్తులు చేసే పని కొంచెం చూడాలి. వాటికి తమంతట తాము కదిలే శక్తి లేదు. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండే కండరం, డయాఫ్రమ్, కిందికి దిగితే, పక్కటెముకలు పైకి లేస్తే, ఛాతీ విశాలమై లోపల పీడనం తగ్గుతుంది. బయటి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. కండరాలు సడలగానే బయటికి పోతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 16 సార్లు, ఒక్కోసారి దాదాపు అర లీటరు గాలి తీసుకుంటారు. ఆ గాలి కొమ్మలుకొమ్మలుగా చీలే గొట్టాల గుండా 30 కోట్లకు పైగా ఉన్న వాయుకోశాలకు చేరుతుంది. వాటి గోడ చాలా పలచన, గోడ అవతలే రక్తం. ఆక్సిజన్ అటు, కార్బన్ డయాక్సైడ్ ఇటు మారిపోతాయి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలేదాంట్లో ఇంకా 16 శాతం ఉంటుంది. అంటే తెచ్చుకున్నదాంట్లో చాలా భాగం వాడకుండానే తిరిగి పంపేస్తాం. ఒకరి ఊపిరిని ఇంకొకరి నోట్లోకి ఊది ప్రాణం నిలబెట్టడం సాధ్యమయ్యేది అందుకే.

1905లో హాల్డేన్, జాన్ గిలీస్ ప్రీస్ట్లీ కలిసి రాసిన పరిశోధనా వ్యాసం శరీరధర్మశాస్త్రాన్ని మలుపు తిప్పింది. వాయుకోశాల లోతున ఉన్న గాలిని పట్టడం ఎలా? వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఎంతో సులువైనది. పొడవాటి రబ్బరు గొట్టంలోకి ఒక్కసారిగా, బలమంతా పెట్టి ఊపిరి వదలాలి. చివర్లో వచ్చేది లోతుల్లోని గాలి కాబట్టి, నోటి దగ్గర అమర్చిన చిన్న కొళాయి నుంచి దాన్ని పట్టుకోవాలి. బెన్ నెవిస్ కొండ మీద, కార్న్‌వాల్‌లోని డాల్కోత్ గని అడుగున, పీడనం పెంచిన గదిలో ఇదే కొలత మళ్లీ మళ్లీ తీశారు. చుట్టూ గాలి పీడనం ఎంత మారినా వాయుకోశాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీడనం మాత్రం ఒక్కో మనిషిలో దాదాపు ఒకే అంకె దగ్గర నిలబడింది. అది కేవలం 0.2 శాతం పెరిగితే చాలు, ఊపిరి రెట్టింపయ్యేది. మనిషి ఊపిరిని నిమిషనిమిషం నడిపేది లోపల పోగవుతున్న కార్బన్ డయాక్సైడే. ఆక్సిజన్ లేమి కాదు.

వాయువే నేరుగా పని చేస్తుందా, లేక అది రక్తంలో పెంచే ఆమ్లతా? ఈ చిక్కును విప్పడానికి కొడుకు దిగాడు. అమోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగి తన రక్తాన్నే ఆమ్లం వైపు నెట్టుకున్నాడు. పరుగెత్తకుండానే ఆయాసం పట్టుకుంది. మెదడు అడుగున ఉండే మజ్జాముఖం ఈ ఆమ్లతను కనిపెట్టి ఊపిరిని నడిపిస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. ఆక్సిజన్‌ను గమనించే చిన్న అవయవాలు మెడలోని ధమనుల దగ్గర ఉన్నాయి. వాటి సంగతి తేల్చినందుకు బెల్జియం శాస్త్రవేత్త కార్నేల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. కానీ రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా అవి గట్టిగా స్పందించవు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మన ఇళ్లలో వినిపించే ఎన్నో ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేమనిపించేది ఆక్సిజన్ అయిపోయి కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగి. రాత్రి చెట్టు కింద పడుకుంటే అది వదిలే ఆ వాయువుతో ఊపిరాడదని పెద్దలు భయపెడతారు. ఆరుబయట చెట్టు వదిలేది గాలిలో ఇట్టే కలిసిపోతుంది. తలుపులు మూసిన గదిలో పక్కన పడుకున్న మనిషి వదిలేదే దానికన్నా ఎక్కువ లెక్కకు వస్తుంది. పాములకూ పురుగులకూ భయపడండి గానీ చెట్టు ఊపిరికి భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది ఇంకొకటుంది. కాల్వల్లో, బావుల్లో, ఈత కొలనుల్లో ఎవరు ఎక్కువసేపు మునుగుతారో చూద్దామని పిల్లలు పందెం వేసుకుంటారు. దిగేముందు గబగబా పది ఇరవైసార్లు బలంగా ఊపిరి పీల్చి వదులుతారు. ఎక్కువ గాలి నిల్వ చేసుకున్నామనుకుంటారు. నిజానికి ఒంట్లో చేరే ఆక్సిజన్ చాలా కొంచెం. బయటికి పోయేది మాత్రం కార్బన్ డయాక్సైడ్, అంటే పైకి రమ్మని తరిమే హెచ్చరిక. అది మళ్లీ పోగయ్యేలోపే ఆక్సిజన్ అడుగంటి, ఏ బాధా తెలియకుండా నీళ్లలోనే స్పృహ పోతుంది. నేల మీదైతే స్పృహ తప్పగానే ఊపిరి మళ్లీ మొదలవుతుంది. నీళ్లలో మొదలైతే లోపలికి పోయేది నీళ్లే. ఈత నేర్పే ప్రతి ఒక్కరూ మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

పెద్ద హాల్డేన్ పేరు గని కార్మికుల ఇళ్లలోకి చేరింది 1896 నుంచి. ఆ ఏడాది జనవరి 27న సౌత్ వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోయారు. ఆయన లోపలికి దిగి మృతదేహాలను పరీక్షించాడు. ఎక్కువమందిని చంపింది పేలుడు దెబ్బ కాదు, తర్వాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చనిపోయినవాళ్ల చర్మం గులాబీ రంగు తిరిగి ఉండటం దాని గుర్తు. అంతకు ముందే ఆ వాయువును తన మీద ప్రయోగించుకుని, రక్తంలో సగానికి పైగా హిమోగ్లోబిన్ దాని పాలై నడవలేని స్థితి వచ్చేదాకా లెక్కలు రాసుకున్నాడు. చిన్న ప్రాణులకు ఊపిరి వేగం ఎక్కువ కాబట్టి మనిషికన్నా ముందే పడిపోతాయని, గనుల్లోకి వాటిని తీసుకెళ్లమని సలహా ఇచ్చాడు. బ్రిటన్ గనుల్లో కేనరీ పిట్టలు 1986 దాకా ఆ పని చేశాయి.

కొడుకును కూడా వెంట తీసుకెళ్లేవాడు. స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక గనిలో కప్పు కింద మీథేన్ పోగైన చోట పిల్లవాణ్ని నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకం 'జూలియస్ సీజర్'లోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కొన్ని పంక్తులయ్యేసరికి కుర్రవాడు రొప్పుతూ, కాళ్లు తేలిపోయి కూలబడ్డాడు. నేల దగ్గర గాలి మంచిదే కనుక వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక, దానంతటది విషం కాదు, ఊపిరికి దానితో ప్రమాదం ఆక్సిజన్ చోటును ఆక్రమించడమే. ఈ పాఠాన్ని ఆ పిల్లవాడు జన్మలో మరిచిపోలేదు. ఇవాళ ఏ తండ్రీ ఇలా చేయకూడదు, చేయనివ్వకూడదు కూడా. కానీ ఇంకొకరి బిడ్డను ప్రమాదంలోకి దింపి తాను ఒడ్డున నిలబడే మనిషి కాదు పెద్ద హాల్డేన్.

1911లో ఆయన బృందం అమెరికాలోని 14 వేల అడుగుల పైక్స్ పీక్ శిఖరం మీద వారాలపాటు ఉండి, పలచటి గాలికి ఒళ్లు ఎలా అలవాటు పడుతుందో కొలిచింది. ఆ బృందంలోని మేబెల్ ఫిట్జ్‌జెరాల్డ్ శిఖరం మీద ఉండకుండా కొలరాడో గని పల్లెలు ఒక్కొక్కటే తిరిగి, వేర్వేరు ఎత్తుల్లో ఏళ్లుగా బతుకుతున్నవాళ్ల ఊపిరిని కొలిచింది. ఎత్తైన చోట మనిషి ఊపిరి శాశ్వతంగా ఎలా మారుతుందో చెప్పే ఆ లెక్కలు నేటికీ పనికొస్తున్నాయి. ఆడవాళ్లకు పట్టా ఇవ్వని కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఆమెకు ఆ విశ్వవిద్యాలయం 1972లో, నూరేళ్లు నిండాక, గౌరవ పట్టా ఇచ్చింది. అంత ఆలస్యానికి ఏ సమర్థనా సరిపోదు. ఇక హాల్డేన్ ఒక విషయంలో చివరిదాకా పొరబడ్డాడు. ఎత్తు ప్రదేశాల్లో ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను పనిగట్టుకుని రక్తంలోకి తోస్తాయని నమ్మాడు. డెన్మార్క్‌కు చెందిన క్రోగ్ దంపతులు అది కేవలం పీడనాల తేడాతో జరిగే వ్యాపనమేనని 1910లోనే చూపించారు.

1939 జూన్ 1న లివర్‌పూల్ తీరంలో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి, అందులోని 103 మందిలో 99 మంది చనిపోయారు. ఈసారి లెక్క తేల్చే వంతు కొడుకుది. మరో నలుగురితో కలిసి ఉక్కు గదిలో పద్నాలుగు గంటలకు పైగా బందీగా కూర్చున్నాడు. రొప్పు, విపరీతమైన తలనొప్పి, వాంతులు. తప్పించుకునే మార్గం ముందున్నా దాన్ని వాడుకునే శక్తిని కార్బన్ డయాక్సైడ్ ఎలా హరిస్తుందో ఆ గదిలో బయటపడింది.

2020లో కోవిడ్ వార్డుల్లో కొందరు రోగులు వేలికి తొడిగిన ఆక్సీమీటర్ 80 చూపిస్తున్నా ఫోన్లో మామూలుగా మాట్లాడటం చూసి వైద్యులు ఆశ్చర్యపోయారు. కార్బన్ డయాక్సైడ్ సులువుగా బయటికి పోతూ, ఆక్సిజన్ ఒక్కటే పడిపోతే ఆయాసం తెలియకపోవడం దానికి ఒక కారణం. పెట్టెలో కూర్చుని పెద్ద హాల్డేన్ చూసింది అదే.

అన్నిటికన్నా మనకు దగ్గరగా అనిపించే సంఘటన లండన్ పక్కన ఈస్ట్ హామ్‌లో 1895లో జరిగింది. మురుగునీటి కేంద్రం దగ్గర భూగర్భ కాల్వలోకి దిగిన ఒక కార్మికుడు పడిపోయాడు. అతణ్ని తీయడానికి ఇంకొకడు, అతని కోసం మరొకడు దిగారు. మొత్తం ఐదుగురు పోయారు. దర్యాప్తు చేసిన పెద్ద హాల్డేన్ హైడ్రోజన్ సల్ఫైడ్ కారణమని చెప్పాడు. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముందు వాసన తెలిసే శక్తినే చంపి, తర్వాత ఊపిరిని ఆపేస్తుంది. హైదరాబాద్ మ్యాన్‌హోళ్లలో, పల్లెల్లో పూడిక తీసే పాత బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి వెనక ఒకరు పోయారన్న వార్త చదివిన ప్రతిసారీ నాకు ఆ ఐదుగురే గుర్తొస్తారు. మనిషిని రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నేరమంటోంది. అయినా దించుతూనే ఉన్నారు. కారణం తెలియక కాదు, 130 ఏళ్లుగా తెలుసు.

పాత బావిలోకి దీపం దింపి చూసే పద్ధతి మన పల్లెల్లో ఉంది. దీపం ఆరిపోతే ఆక్సిజన్ చాలినంత లేదని అర్థం, దిగకూడదు. కానీ వెలుగుతూ ఉన్నంత మాత్రాన హైడ్రోజన్ సల్ఫైడ్ లేదని చెప్పలేం. సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఉంటే దీపమే పేలుడుకు నిప్పవుతుంది. ముక్కుకు కట్టుకున్న తుండుగుడ్డ ఏ వాయువునూ ఆపదు. లోపల మనిషి పడిపోయాడంటే అక్కడి గాలి ఇంకొకరికీ పనికిరాదు, ఆ దిగే మనిషికి ఒంట్లోంచి ఏ హెచ్చరికా రాకపోవచ్చు. పైనుంచి తాడు కట్టి ఉంటే లాగాలి. లేకపోతే సొంత గాలి సిలిండరుతో వచ్చే అగ్నిమాపక సిబ్బందిని 101కు ఫోన్ చేసి పిలవాలి.